మీకు తెలుసా? ఒక్క ఎపిసోడ్ చూసి జనం ఏం చేశారో!

ఇలా దగ్గరికి రండి! ఒక మాట చెవిలో చెబుతాను. టీవీ సీరియల్ అయిపోయిందని సమ్మె చేసినవాళ్లున్నారు, మీకు తెలుసా? జీతం కోసం కాదు! బోనస్ కోసం కాదు! కథ కోసం! 1988లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ముగిసింది. లవకుశుల కథ చూపించకుండానే ఆపేశారు. అంతే! జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు కింద పడేశారు. వాళ్లు వాల్మీకి భక్తులు. వాల్మీకి ఆశ్రమం చూపించకుండా రామాయణం ఎలా అయిపోతుందని నిలదీశారు. సమ్మె ఊరి నుంచి ఊరికి పాకింది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చింది. ఉత్తర రామాయణం తెర మీదికి వచ్చింది! అభిమాని తలుచుకుంటే ఇదీ సంగతి!

అసలు ఆ సీరియల్‌ని మొదట ఎన్ని భాగాలు అనుకున్నారో తెలుసా? 52! జనం వదిలితేగా! ఒకసారి పొడిగించారు. మళ్లీ పొడిగించారు. ఇంకోసారీ పొడిగించారు. లెక్క 78 దగ్గర ఆగింది!

ఆదివారం పొద్దున 9.30! ఆ వేళకి వీధులు ఖాళీ! టీవీకి బొట్టు పెట్టేవారు. పూలదండ వేసేవారు. అగరొత్తులు వెలిగించేవారు. టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో! కిటికీ చువ్వలు పట్టుకుని పిల్లలు వేలాడేవారు. ఇంకో వింత వినండి. సీరియల్ హిందీలో! మన నాయనమ్మలకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఎక్కడ ఏడవాలో తెలుసు! ఎక్కడ దణ్ణం పెట్టాలో తెలుసు! కథ ఎప్పుడో ఒంటబట్టింది కదా! నన్నడిగితే, ఆ సీరియల్‌లోని బాణాల మాయకన్నా ఈ మాయే గొప్పది!

మరి 2020లో ఏమైంది? కరోనా వచ్చింది. అందరం ఇళ్లలో చిక్కుకుపోయాం. దూరదర్శన్ పాత ‘రామాయణ్’ని మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్క ఎపిసోడ్‌ని 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది! పాత బొమ్మలు! పాత రంగులు! అందరికీ తెలిసిన కథ! అయినా అన్ని కోట్ల కళ్లు!

ఆ కోట్ల కళ్లలో రెండు కళ్లు ఎవరివో తెలుసా? రావణుడివి! అవునండీ, రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది కూడా ఇంట్లో కూర్చుని ఆ పునఃప్రసారం చూశారు. అప్పుడాయనకు 81 ఏళ్లు. సీతాపహరణం ఎపిసోడ్ వచ్చింది. తెర మీద తనే! సీతమ్మను ఎత్తుకుపోతున్నదీ తనే! ఆ పెద్దాయన టీవీ వైపు చూస్తూ రెండు చేతులూ జోడించారు! ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఒక ఎపిసోడ్‌కి ఒక ప్రేక్షకుడి స్పందన ఇంతకన్నా గొప్పగా ఉంటుందా? నేనైతే ఎక్కడా చూడలేదు!

ఇంకో రహస్యం! సీత, రావణుడు ఒకే ఏడాది ఎన్నికల్లో గెలిచారు! 1991లో దీపికా చిఖలియా వడోదర నుంచి, అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి లోక్‌సభకు వెళ్లారు. పార్టీ కూడా ఒకటే! తెర మీద లంకలో ఎదురెదురు, సభలో ఒకే పక్షం!

హనుమంతుడి సంగతి విన్నారా? దారాసింగ్ ఆ వేషం కట్టేనాటికి ఆయన వయసు 58! అందరూ విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన గద ఎత్తారు! పేరుమోసిన కుస్తీ వస్తాదు కదా, ఆ కండలు ఊరికే వచ్చాయా! తర్వాత ‘మహాభారత్’ సీరియల్‌లోనూ హనుమంతుడు ఆయనే!

రాముడికీ ముందే ఒక కిరీటం ఉంది, తెలుసా? అరుణ్ గోవిల్ 1985లోనే టీవీలో విక్రమార్కుడు! భుజాన బేతాళుడు! తీసిందీ రామానంద్ సాగరే! చందమామ చదివి పెరిగిన తెలుగువాళ్లకు ఆ రాజు ముఖం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ రాజే రెండేళ్లకు రాముడై వచ్చాడు!

భీముడి మాటేమిటంటారా? ‘మహాభారత్’లో భీముడైన ప్రవీణ్‌కుమార్ సోబ్తీ చేతిలో గద కంటే ముందు డిస్కస్ ఉండేది! ఆసియా క్రీడల్లో డిస్కస్ త్రోలో 2 బంగారు పతకాలు కొట్టిన వీరుడాయన! మొదటిది 1966లో, రెండోది 1970లో. భీముడి కోసం అలాంటి మనిషినే వెతికి పట్టుకున్నారు చూడండి!

‘మహాభారత్’ మొత్తం 94 భాగాలు. వాటన్నిటికీ మాటలు రాసింది ఎవరు? రాహీ మాసూమ్ రజా! అర్జునుడి వేషం వేసిన నటుడి పేరు? ఫిరోజ్ ఖాన్! ఆ వేషం తర్వాత ఆయన తెర పేరే అర్జున్ అయిపోయింది! ప్రతి భాగం మొదట్లో ‘కాలం’ మాట్లాడుతుంది, గుర్తుందా? తిరిగే చక్రం, గంభీరమైన గొంతు. మనిషి కనిపించడు! ఆ గొంతు హరీశ్ భిమానీది. ముఖం చూపించకుండానే దేశమంతా అభిమానుల్ని సంపాదించుకున్నాడు!

ఇప్పుడు మన నెల్లూరికి రండి! ఈ సీరియల్ చూస్తూ నెల్లూరివాళ్లు కాలరెగరేసే కారణం ఒకటుంది. తెలుగు భారతంలో 18 పర్వాలుంటే, 15 పర్వాలు రాసిన తిక్కన నెల్లూరి కవే! మనుమసిద్ధి కొలువు, పెన్నా ఒడ్డు! 13వ శతాబ్దం! కీచకుడి చావు, కృష్ణరాయబారం, కురుక్షేత్రం, అన్నీ ఆయన ఘంటం నుంచే! తిక్కన పాత్రలు మాట్లాడుకుంటాయి. ఎత్తిపొడుచుకుంటాయి. ఏడుస్తాయి. కెమెరా పెట్టేస్తే చాలు, అచ్చం సీరియలే! నా మాట నమ్మండి, టీవీకి పనికొచ్చే సంభాషణ తెలుగులో తిక్కనను మించి రాసినవాళ్లు లేరు!

ఆ పద్యాలు మొట్టమొదట విన్నదెవరో తెలుసా? గురునాథుడని ఒక లేఖకుడు! తిక్కన ఆపకుండా చెప్పాలి, గురునాథుడు ఆపకుండా రాయాలి, ఇదీ పందెమని నెల్లూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 15 పర్వాలకూ తొలి శ్రోత! ప్రతి మలుపూ అందరికంటే ముందు విన్నవాడు! అభిమానులందరిలో అదృష్టవంతుడంటే అతనే!

‘తరువాయి భాగం వచ్చేవారం’ అంటే మనకు చిరాకు. మన పూర్వీకుల ఓపిక చూడండి! నన్నయ 11వ శతాబ్దంలో అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కన రెండు శతాబ్దాల తర్వాత విరాటపర్వం నుంచి ఎత్తుకున్నారు. మధ్యలో మిగిలిన ముక్క? దాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశారు! ఒక్క పర్వం పూర్తవడానికి దాదాపు 300 ఏళ్లు! ఇంత పొడుగు ఎదురుచూపు ఏ టీవీ అభిమానికీ పడలేదు!

మన కాలపు ఎదురుచూపు మాత్రం తక్కువదా? కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం వదిలేసిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం మనం ఆగింది 658 రోజులు! 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా! టీ కొట్టులో అదే చర్చ! పెళ్లి పందిట్లో అదే చర్చ!

పనిలో పని, ఆ సినిమాలో కాలకేయుల భాష గుర్తుందా? కిలికి! అరుపులనుకున్నారా? కాదు! మదన్ కార్కీ కూర్చుని కట్టిన భాష! 750 మాటలు! వాటికి వ్యాకరణ సూత్రాలు కూడా! అభిమానులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నారు!

మరి రహస్యం దాచడంలో మొనగాళ్లెవరు? ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పుస్తకాలు చదివినవాళ్లు! 2013 జూన్ 2న ఆ సీరియల్‌లో ‘రెడ్ వెడ్డింగ్’ వచ్చింది. పెళ్లి విందులో ఊచకోత! టీవీ చూసేవాళ్లు కేకలు పెట్టారు. ఏడ్చారు. దిండ్లు విసిరారు. సోఫా మీంచి లేచి పరుగెత్తారు. అదంతా ఎవరో వీడియో తీశారు. ఎవరు? పుస్తకం ముందే చదివేసిన స్నేహితులు! నవల వచ్చింది 2000లో. 13 ఏళ్లు పెదవి విప్పకుండా కూర్చున్నారు! ఆ రోజు రాగానే, పక్కవాడికి తెలియకుండా కెమెరా ఆన్ చేశారు! ఆ వీడియోలు లక్షలమంది చూశారు. ఎపిసోడ్ ఒక వింత. ఎపిసోడ్ చూసేవాళ్లను చూడటం ఇంకో వింత! అభిమాని ముఖమే ఒక సీరియల్ అయిపోయింది!

రాసినాయన గుండె మాత్రం రాయా? జార్జ్ మార్టిన్ ఆ పెళ్లి అధ్యాయం రాయలేక పక్కన పెట్టేశారు! మిగిలిన నవలంతా రాసేశాక, అన్నిటికంటే చివర 1 అధ్యాయం మిగిలితే అప్పుడు దాన్ని రాశారు!

2019 వేసవి! మన తెలుగు కుర్రాళ్లు సోమవారం తెల్లవారకముందే లేచేవారు. పరీక్షలకా? కాదు! ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆఖరి సీజన్ అమెరికాలో ఆదివారం రాత్రి వస్తే, మనకు అదే క్షణం ఉదయం 6.30! ఆఫీసులో ఎవరైనా కథ చెప్పేస్తారేమోనని భయం. పళ్లు తోమకుండా ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు!

ఆ సీజన్‌లో ‘ది లాంగ్ నైట్’ అనే ఎపిసోడ్ ఉంది. దాని యుద్ధం కోసం వరుసగా 55 రాత్రులు షూటింగ్ చేశారు! చలి, బురద, వాన! తీరా చూసిన అభిమానులు ఏమన్నారు? ‘అంతా చీకటే! ఏమీ కనిపించలేదు!’ అన్నారు. కెమెరామన్ ఊరుకుంటారా? మీ టీవీ సెట్టింగులు సరిచేసుకోండి అన్నారు!

ఆ మరుసటి వారం ఇంకో వింత! రాజులు, డ్రాగన్లు, కొవ్వొత్తులు. బల్ల మీద ఏముంది? కాఫీ కప్పు! ఈ కాలపు కాగితం కప్పు! తీసినవాళ్లకు కనపడలేదు, ప్రసారం చేసినవాళ్లకు కనపడలేదు. ఇళ్లలో కూర్చుని చూస్తున్న అభిమానులకు ఇట్టే దొరికిపోయింది! 2 రోజులు తిరక్కుండానే ఆ కప్పును బొమ్మలోంచి చెరిపేశారు. అభిమాని కన్ను అంటే డేగ కన్ను!

ముగింపు నచ్చలేదని ఏం చేశారో తెలుసా? ఆ సీజన్ మొత్తాన్ని మళ్లీ తీయాలని అర్జీ పెట్టారు. 18 లక్షలకు పైగా సంతకాలు! తీసినవాళ్లు మాత్రం కదల్లేదు. నాకు ఆ అభిమానుల మీద గౌరవమే. కథ మీద అంత ప్రేమ లేకపోతే అంత కోపం రాదు!

ఇంతకీ ఆ కథలో ‘ఖలీసీ’ అనే బిరుదున్న రాణి ఒకామె ఉంది. 2018లో అమెరికాలో పుట్టిన ఆడపిల్లల్లో 560 మందికి ఆ పేరే పెట్టారు! కథ ఎలా ముగుస్తుందో తెలియకముందే!

అర్జీలు ఎప్పుడూ వృథా అనుకోకండి! అభిమానుల ఉత్తరాలు ఒక స్పేస్ షటిల్‌కే పేరు పెట్టించాయి! అవును, నిజం! 1976లో అమెరికా తన మొదటి షటిల్‌కి ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు పెట్టబోయింది. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానులు ఏకంగా అధ్యక్షుడికే ఉత్తరాలు కురిపించారు. కథలోని నౌక పేరే కావాలన్నారు. పేరు ‘ఎంటర్‌ప్రైజ్’గా మారిపోయింది!

ఆ షటిల్ కుటుంబానికీ మన టీవీకీ చుట్టరికం ఉంది, తెలుసా? దాని తోబుట్టువు ‘చాలెంజర్’ 1983 ఆగస్టు 30న మన ఇన్‌శాట్-1బి ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. ఆదివారం రామాయణాన్ని దేశమంతా పంచింది ఆ ఉపగ్రహమే! రాముడి బాణం మన ఇంటికి అంతరిక్షం మీదుగా వచ్చింది!

ఉపగ్రహం నుంచి పల్లెకు టీవీ తేవాలన్నది ఎవరి కల? విక్రమ్ సారాభాయ్! ఆయన పోయాక, 1975 ఆగస్టులో ఆ కల నిజమైంది. ఒక ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి బొమ్మలు! ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి! తెలుగు కార్యక్రమాలూ వచ్చాయి! చాలా పట్నాల్లోనే టీవీ లేని రోజులు. పల్లెలో అందరికీ కలిపి ఒక్క టీవీ. దాని ముందు ఊరంతా!

సారాభాయ్ గారి కూతురి సంగతి చెబితే మీరు కుర్చీలోంచి లేస్తారు! మల్లికా సారాభాయ్! మన కూచిపూడి నేర్చిన నర్తకి! పీటర్ బ్రూక్ ప్రపంచమంతా తిప్పిన ‘మహాభారత’ నాటకంలో ద్రౌపది ఆమె! నాటకం ఎంతసేపో తెలుసా? 9 గంటలు! తర్వాత అది టీవీకీ ఎక్కింది. చూశారా! తండ్రి పల్లెల్లోకి టీవీ రావాలని కలగన్నారు. కూతురు అదే టీవీ తెర మీద ద్రౌపది అయింది!

ఆ తండ్రి చలవే మన శ్రీహరికోట కూడా! పులికాట్ సరస్సు ఒక పక్క, బంగాళాఖాతం ఇంకో పక్క. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోదే! ఆ దీవిని రాకెట్ల కోసం 1969లో ఎంపిక చేశారు. మన డిష్ టీవీ కథలో ఒక మలుపు ఇక్కడే ఉంది, వినండి!

2006 జులై 10, సాయంత్రం. డీటీహెచ్ ప్రసారాల కోసం తయారైన ఇన్‌శాట్-4సి ఉపగ్రహం శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ రాకెట్ మీద కూర్చుంది. పైకి లేచింది! అందరూ చప్పట్లు! నిమిషం గడిచిందో లేదో, రాకెట్ దారి తప్పింది. ముక్కలై మన సముద్రంలో పడిపోయింది! కోట్ల ఇళ్లకు సీరియళ్లు మోసుకురావలసిన ఉపగ్రహం నెల్లూరు తీరం ఎదుట అలల్లో కలిసిపోయింది!

ఊరుకున్నారా? లేదు! అచ్చం అలాంటిదే ఇంకొకటి కట్టారు. పేరు ఇన్‌శాట్-4సిఆర్. బరువు 2,130 కిలోలు! పద్నాలుగు నెలలు తిరక్కుండానే, 2007 సెప్టెంబరు 2న, అదే దీవి నుంచి అదే రకం రాకెట్ మీద ఎగరేశారు. ఈసారి ఉపగ్రహం కక్ష్యకు చేరింది! సీరియల్ వీరులు పడి లేస్తారని మురిసిపోతాం కదా, ఈ వీరులకు ఎన్ని హారతులు పట్టాలి!

ఆ ఉపగ్రహాలు ఉండే ఎత్తు తెలుసా? దాదాపు 36,000 కిలోమీటర్లు! మైపాడులో మీ అత్తయ్య చూసే నాగకన్య భూమ్మీద నుంచి అంత ఎత్తుకు ఎగిరి, మళ్లీ అంత దూరమూ కిందికి దిగి, మిద్దె మీది గిన్నెలో వాలుతుంది. ఇదంతా ఎంతసేపట్లో? పావు సెకను! రెప్ప వాలి లేచేలోగా! ఏ మాంత్రికుడి చాప ఇంత వేగంగా ఎగిరింది చెప్పండి!

రాకెట్‌కీ అభిమానులున్నారండోయ్! 2019లో శ్రీహరికోటలో జనం కూర్చుని ప్రయోగం చూసేందుకు గ్యాలరీ కట్టారు. 5,000 మంది కూర్చోవచ్చు! లెక్కింపు ‘సున్నా’ అనగానే ఆ ఈలలు వినాలి! అగ్ర హీరో సినిమా మొదటి ఆట కూడా దిగదుడుపే!

చివరగా దాచిపెట్టిన రహస్యం! మన దేశంలో టీవీ రాకముందే తెలుగువాళ్లు ‘టీవీ’ చూసేశారు! 1957, ‘మాయాబజార్’! శశిరేఖ ముందు ఒక పెట్టె. పేరు ప్రియదర్శిని. మూత తీస్తే కోరుకున్న మనిషి కనిపిస్తాడు! ఎక్కడో ఉన్న అభిమన్యుడు ఎదురుగా! ఢిల్లీలో దేశపు మొదటి టీవీ ప్రసారం మొదలైంది ఆ తర్వాత రెండేళ్లకు. హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది ఇంకా ఎన్నో ఏళ్లకు! ఆ పెట్టెను ఊహించినవాళ్ల తలలో ఏముందో!

ఆ సినిమాకు పనిచేసిన సహాయ దర్శకుల్లో ఒక నెల్లూరు జిల్లా కుర్రాడున్నాడు! పుట్టింది ఉదయగిరి. పేరు సింగీతం శ్రీనివాసరావు! తర్వాత ‘ఆదిత్య 369’తో కాలయంత్రం ఎక్కించిందీ ఆయనే! ‘భైరవద్వీపం’ చూపించిందీ ఆయనే! ‘కల్కి 2898 ఏడీ’కి దారి చూపిన పెద్దదిక్కూ ఆయనే! 2024లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆయన వయసు 92! ‘మాయాబజార్’ మాయల పెట్టె నుంచి ‘కల్కి’లోని మాట్లాడే కారు దాకా, ఒకే మనిషి! అద్భుతరస పట్టికలో నెల్లూరు జిల్లాకు మొదటి పీట వేయాల్సిందే, ఇది నా తీర్పు!

ఇక మీ వంతు! ఈ రాత్రే మీ ఇంట్లో పెద్దవాళ్లను పట్టుకోండి. 1987లో రామాయణం ఎవరింట్లో చూశారో అడగండి. ఏ ఎపిసోడ్‌కి ఏడ్చారో, కరెంటు పోయినప్పుడు ఎవరిని తిట్టారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసిపెట్టండి! అవి ఇంకెక్కడా దొరకవు!